మనుషులు లేని గడి

కంచె వేసి వారం తిరక్కుండానే మొదటి తల పగిలింది. ఆ తల ఎవరిదో కాదు, కంచె ఎక్కడ పడాలో పటం గీసిన మనిషి సొంత అక్కది.

తల పగిలిన మనిషిని ఎవరైనా ముందు ఆసుపత్రికి తీసుకెళతారు. ఆ అక్క మొగుడు, పటం గీసినామెకు బావ, అలా చేయలేదు. పెళ్ళాన్ని భుజాన వేసుకుని కొండ దిగి, బజారు పొడుగునా నెత్తురు చుక్కలు రాల్చుకుంటూ వచ్చి, మెట్లెక్కి, భూముల పునరుద్ధరణ కార్యాలయంలోకి నేరుగా నడిచాడు. గది మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద దుప్పటంత పటం పరిచి ఉంది. ఆ పటం మీద పెళ్ళాన్ని పడుకోబెట్టాడు. నెత్తురు ముందు నది మీదకు, తర్వాత పట్నం మీదకు పాకింది.

"ఇదిగో మీ అక్క. ఏ గడిలో పెట్టుకుంటావో పెట్టుకో," అన్నాడు మరదలితో.

అని ఊరుకున్నాడా? ఆయన చేతిలో గడ్డపార ఉంది. అది ఎప్పుడూ ఉండేదే. ఊళ్ళో ఆయన పేరే గడ్డపార. ఒక్క పోటుకు కంప్యూటరు తెర పగిలింది. రెండో పోటుకు కిటికీ అద్దం వీధిలో పడింది. గుమాస్తా బల్ల కింద దూరాడు. చెప్పుకోడానికి సిగ్గుచేటు గానీ, డైరెక్టరు గారు బాత్రూములోకి పోయి లోపల గడియ పెట్టుకున్నారు. నిలబడి ఉన్నది మరదలొక్కతే. ఆమె కేక వేయలేదు, ఏడవలేదు. చున్నీ మడిచి అక్క తల మీద అదిమి పట్టుకుని, "బావా, ముందు ఆసుపత్రికి పద. తర్వాత నన్ను చంపుదువుగాని," అంది.

ఆమెకు పెట్టిన పేరు వేరే ఉంది, ఇప్పుడది జీతం పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. అందరూ గళ్ళమ్మ అంటారు. నేలను గళ్ళు గళ్ళుగా కోయడం ఆమె ఉద్యోగం. కోయడమంటే పలుగూ పారా పెట్టి కాదు, పటం మీద గీతలు గీసి. ఒక్కో గడికి రెండు అంకెలు వేస్తారు. ఆ నేల ఏమిస్తోంది అన్నది ఒకటి: వాన నీళ్ళు ఎంత పట్టి ఉంచుతోంది, మట్టిని ఎంత జారకుండా ఆపుతోంది, ఎండను ఎంత చల్లారుస్తోంది. వీటిని ఆ కార్యాలయంలో సేవలు అంటారు. నేల మనకు సేవ చేస్తుందన్నమాట, పాపం జీతం కూడా అడక్కుండా. రెండో అంకె, ఆ సేవ కోసం కాచుకుని ఉన్న జనం ఎంతమంది అన్నది. మొదటిది సప్లై, రెండోది డిమాండు. ఇచ్చేది అడుగంటి, కావలసినవాళ్ళు దిగువన కిక్కిరిసి ఉన్నచోట గడి ఎర్రబడుతుంది. ఎర్రగడిలో ముందు చెట్లు నాటాలి. ఇంతే సంగతి. కూరగాయల బేరం చేసే ఎవరికైనా అర్థమవుతుంది.

కిందటి వానల్లో కొండవాలు జారింది. బావ గొడ్లపాక ఆవులతో సహా మట్టిలోకి పోయింది. ఆ మట్టి అక్కడితో ఆగక కిందికి దిగి, పట్నంలో పల్లపు వీధి మీద పడి, ఇళ్ళలో నిద్రపోతున్నవాళ్ళను నిద్రలోనే పూడ్చేసింది. అప్పటి నుంచి గళ్ళమ్మకు ఒకటే పట్టుదల. ఆ వాలు మీద మళ్ళీ చెట్లు రావాలి, వేళ్ళు మట్టిని పట్టుకోవాలి, అక్క ఇంటి మీద కొండ పడకూడదు. అమ్మానాన్నలు పోయాక ఆమెను పెంచింది అక్కాబావలే. వాగు పొంగిన రోజుల్లో బావ ఆమెను భుజాల మీద ఎక్కించుకుని బడికి దాటించేవాడు. అందుకే పటంలో ఆ వాలు ఎర్రగా తేలిన రోజు ఆమె ఇంటికి పోయి తలుపేసుకుని ఏడ్చింది, సంతోషంతో.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా. ఎర్రగడిని మూసే పద్ధతులు రెండు. ఆ గడిని వాడుకునే మనుషులు దగ్గర్లో ఉంటే సగం మూత: కంచెకు గేటు పెడతారు, నీళ్ళకు దారి వదులుతారు, పశువులను వంతులవారీగా మేయనిస్తారు. మనుషులు లేకపోతే నిండు మూత: చుట్టూ ముళ్ళకంచె, కర్రలు పట్టిన కాపలా, మొక్కలు మానులయ్యేదాకా లోపలికి పురుగు కూడా పోకూడదు. కంప్యూటరు ఆ వాలుకూ దాని పక్క గళ్ళకూ మనుషులు సున్నా అని చూపించింది. గళ్ళమ్మ ఆ సున్నా చూడలేదు, ఎర్రరంగు చూసింది. జనాభా మొత్తం కూడి చూస్తే సరిగ్గా సరిపోయింది. కూడిక కుదిరినచోట తప్పు ఉంటుందని ఎవరనుకుంటారు? కంచె వేస్తున్నారని విన్నప్పుడు కూడా గేటు పెడుతున్నారనే అనుకుంది, అడగలేదు. అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదు, కాంట్రాక్టరు గేటు పెడతాడా?

కొండ మీద ఉన్నవి ముప్పై నలభై ఇళ్ళు. కంచె ఆ ఇళ్ళ వెనక గోడలను రాసుకుంటూ పోయింది. మేత లోపల, మనుషులు బయట. ఊట కూడా లోపలే. ఆ కొండ మీద తాగడానికి ఉన్నది ఆ ఒక్క ఊట. రాతి సందులో నుంచి వచ్చే నీటికి గడ్డపారతో కాలువ తొలిచింది బావే. అక్క కింది తీగ ఎత్తుకుని, వంగి, లోపలికి పోయి నీళ్ళు ముంచింది. కాపలావాళ్ళు అడ్డం వచ్చారు. అక్క నోరు మామూలు నోరు కాదు. వాళ్ళ ముందు తరాలనూ వెనక తరాలనూ కలిపి ఉతికింది. కాపలావాళ్ళకు పెద్ద అయినవాడు కర్రతో ఆమె తల మీద వేశాడు.

ఆసుపత్రిలో అక్క తలకు కుట్లు పడుతుండగా కౌంటరు దగ్గర గుమాస్తా కార్డు అడిగాడు. గళ్ళమ్మ అక్క కార్డు ఇచ్చింది, పూచీగా తన కార్డూ ఇచ్చింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఇద్దరిదీ ఒకటే డోర్ నంబరు కదా, ఒకే ఇంట్లో ఉంటున్నారన్నమాట, మరి ఈమె కొండ మీద ఏం చేస్తోంది, ఇంట్లో జారిపడిందని రాయమంటారా అని అడిగాడు.

గళ్ళమ్మ కార్డులు రెండూ వెనక్కి లాక్కుని ఆ నంబర్లు చూసింది. కంచెకు గేటు ఎందుకు పెట్టలేదో అప్పుడు తెలిసింది.

ఏమిటంటే, ఆ కొండ ప్రభుత్వ లెక్కలో బంజరు. బంజరు మీద ఇంటికి డోర్ నంబరు ఇవ్వరు. డోర్ నంబరు లేనిదే బళ్ళో పిల్లను చేర్చుకోరు, ఆసుపత్రిలో మనిషిని చేర్చుకోరు, గ్యాసు బండ ఇవ్వరు. అందుకని కొండవాళ్ళు పట్నంలో నంబరు అరువు తెచ్చుకుంటారు. చుట్టాలుంటే చుట్టాల ఇంటి నంబరు, లేకపోతే పాలు పోసే ఇంటివాళ్ళ నంబరు. పట్నంలో ఇది తప్పని ఎవరూ అనుకోరు; పక్కింటికి పంచదార బదులిచ్చినట్టు నంబరు ఇస్తారు. గళ్ళమ్మ మూడు గదుల ఇంట్లో కాగితాల ప్రకారం అక్క, బావ, బావ తమ్ముళ్ళు, తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలు అందరూ కాపురం ఉంటున్నారు. ఆ సంగతి ఆమెకు తెలియదా? తెలుసు. సంతకం పెట్టి ఇచ్చింది ఆమే. కానీ కార్యాలయంలో డిమాండు లెక్క కట్టేది మనుషులు ఎక్కడ నమోదయ్యారో చూసి. కొండ మీది జనమంతా పట్నంలో కుళాయి నీళ్ళు తాగుతున్నట్టు లెక్కలోకి వెళ్ళిపోయారు. అందుకే మొత్తం సరిపోయింది. అందుకే కొండ మీద సున్నా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన చెడ్డవాడు కాదు. పిరికివాడు, అది ఇంకా ప్రమాదం. బావ మీద ఫిర్యాదు కూడా ఇవ్వలేదు. ఇస్తే తాను అప్పుడు ఎక్కడున్నదీ చెప్పాల్సి వస్తుంది. ఆయన అంతా విని, తల పట్టుకుని, నోటిమాట మీద తాను గేటు తెరిస్తే రేపు ప్రతి గడి దగ్గరా పదిమంది వచ్చి మేమూ ఇక్కడివాళ్ళమేనంటారని, అప్పుడు కొండ మీద మొక్క కాదు గదా గడ్డి కూడా మిగలదని అన్నాడు. పల్లపు వీధిలో శవాలను తవ్వి తీసినప్పుడు ఆయనా పార పట్టాడు. ఆ భయం ఆయనలో నిజంగానే ఉంది.

"ఒక్క కాగితం తెండమ్మా," అన్నాడు చివరికి. "ఏ శాఖదైనా సరే, ప్రభుత్వ కాగితం. అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారని అందులో ఉండాలి. తెచ్చిన పూట గేటు పెట్టిస్తాను."

అలాంటి కాగితం ఉంటే ఈ గొడవెందుకు? గళ్ళమ్మ తిరగని గుమ్మం లేదు. పురపాలకం వాళ్ళు బంజరు మా పరిధి కాదన్నారు. రెవెన్యూ వాళ్ళు బంజరు మీద మనుషులుంటే అది ఆక్రమణ అవుతుంది, ఉన్నారని రాస్తే రేపే ఖాళీ చేయించాలి, రాయమంటారా అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఈలోగా కొండ మీద జనం క్వారీ కింది వాగులో నీళ్ళు మోసుకుంటున్నారు. ఆ నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా ఉంటాయి. దూడలు వాటిని తాగి కడుపులు ఉబ్బి చచ్చిపోతున్నాయి.

ఇళ్ళనూ మనుషులనూ తానే ఫొటోలు తీసి ఏదో ఒక కాగితం పుట్టిద్దామని గళ్ళమ్మ ఒక ఉదయం కొండెక్కింది. దారి పక్కన రెండు దూడల కళేబరాలు, వాటి మీద ఈగలు. పైనుంచి కేకలు వినిపించాయి. పరుగెత్తింది.

కొండవాళ్ళు కంచె పెరుకుతున్నారు. ఆడా మగా అందరూ ఉన్నారు. బావ కంచె స్తంభం మొదట్లో గడ్డపార దించి ఒక్క విసురుకు పైకి లేపాడు. బిగువు మీదున్న ముళ్ళతీగ తెగి, కొరడాలాగా ఎగిరి, ఒక కాపలావాడి చెంపను చెవిదాకా చీల్చింది. వాడు ముఖం పట్టుకుని అరుస్తుంటే రెండోవాడు ఎదుటపడిన ముసలాయన మోకాలి మీద కర్రతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఇక చూసుకోండి. రాళ్ళు లేచాయి. తలకు కట్టుతో ఉన్న అక్క కూడా కొంగు నడుముకు దోపి రాళ్ళు విసురుతోంది. రాళ్ళవాన చూసి కాపలావాళ్ళు చీలిన చెంపవాణ్ణి లాక్కుంటూ వాలు దిగి పారిపోయారు. వెనక్కి చూసిన పాపాన పోలేదు. ఒక్కడు మాత్రం కదల్లేదు.

వాడు కాపలావాళ్ళ పెద్ద. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది కనక వాణ్ణి ఈల అనే పిలిచేవారు. వీడు దుర్మార్గుడని ఒక్కమాటలో తేల్చేస్తే నా పని సులువయ్యేది గానీ, కాదు. వాడిది పల్లపు వీధి. కిందటి వానల్లో వాడి తల్లి మంచం మీదే మట్టిలో కూరుకుపోయింది. చేతులతో తవ్వి తీశాడు. కొండ మీద పునరుద్ధరణకు కాపలా కావాలంటే, చేస్తున్న పని మానేసి మరీ వచ్చి చేరాడు. ఆ వాలు మీద మేక కనిపిస్తే వాడికి తల్లి నోట్లో మట్టి కనిపించేది.

గళ్ళమ్మ వాడికి అడ్డం పోయి రెండు చేతులూ పట్టుకుంది. పటం తప్పు, ఆ తప్పు నాది, ఇక్కడ మనుషులున్నారు, ఊట దగ్గరికి దారి వదులు, మిగతా వాలంతా మొక్కలకే ఉంటుంది, నేను మాట ఇస్తున్నానని బతిమాలింది.

"మా అమ్మ చచ్చినప్పుడు నీ పటం లేదు," అన్నాడు ఈల. "ఇన్నాళ్ళకు వచ్చింది. దాన్నిప్పుడు ఎవ్వరినీ మార్చనివ్వను."

చేతులు విదిలించుకున్నాడు. ఆ విసురుకు గళ్ళమ్మ వెల్లకిలా ముళ్ళతీగ మీద పడింది. వీపు చీరుకుపోయి, అరిచింది. ఈల కర్ర పైకెత్తాడు. ఆమెను కొట్టడానికా, వెనక నుంచి వస్తున్న బావను ఆపడానికా అన్నది ఆ కర్రకే తెలియాలి. బావ ఆలోచించలేదు. తన చేతుల్లో పెరిగిన పిల్ల ముళ్ళ మీద పడి నెత్తురోడుతోంది, దాని మీద కర్ర లేచి ఉంది. గడ్డపార అడ్డంగా తిప్పి మెడ మీద కొట్టాడు.

ఈల మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగాడు. దెబ్బ పడకముందు తనవాళ్ళను పిలవబోయి ఈల నోట్లో పెట్టుకున్నట్టున్నాడు, అది పళ్ళ మధ్యే ఉండిపోయింది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మోగింది. కొండ మీద అంతమంది ఉన్నా ఇంకో చప్పుడు లేదు. కాసేపటికి ఈల మోగడం మానేసింది.

బావ గడ్డపార కింద పడేసి వాడి పక్కన కూర్చుని, తలను ఒళ్ళోకి తీసుకుని, లేవరా, లేవరా అబ్బాయ్ అని చాలాసేపు అన్నాడు. చనిపోయినవాళ్ళు మాట వింటారా.

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి కొండ మీద అందరిదీ ఒకటే మాట. మాకేం తెలియదు. ఇవి ఇళ్ళు కావు, గొడ్లపాకలు. మేముండేది పట్నంలో, ఇదిగో కార్డు, చూడండి డోర్ నంబరు. ఆ పూట ఇటువైపు ఎవరమూ రాలేదు. పొయ్యిల్లో పొగ ఇంకా లేస్తోంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ ఆ రోజు మనుషులు లేకుండానే పొయ్యి మండింది. ఇన్‌స్పెక్టరు గుడ్డివాడు కాదు. ముసలాయన మోకాలూ చూశాడు, ఆడవాళ్ళ గీరుకుపోయిన చేతులూ చూశాడు. అయితే పారిపోయిన కాపలావాళ్ళు గుంపు వచ్చిందన్నారు తప్ప కొట్టినవాణ్ణి చూడలేదు. గడ్డపార ప్రతి పాకలోనూ ఉంది. కార్డులన్నీ నిఖార్సైనవి.

ఆయన ఇక గళ్ళమ్మ వైపు తిరిగి, మీరు ప్రభుత్వ మనిషి, మీ వీపు మీద గాయాలున్నాయి, మీరు చెప్పండి అన్నాడు. గళ్ళమ్మ నోరు తెరవబోయింది. అక్క పక్కనే నిలబడి ఉంది. పెదవులు కదిలీ కదలకుండా, చెల్లెలికి మాత్రమే వినబడేలా అంది.

"ఇక్కడ మనుషులే లేరని రాసింది నువ్వే కదే. లేనివాళ్ళు ఎట్లా చంపుతారు? అదే చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉన్నారని చెబితే అది పోలీసు కాగితంలోకి ఎక్కుతుంది, గేటు పడుతుంది, బావ ఉరికో జైలుకో పోతాడు. లేరని చెబితే బావ ఉంటాడు, ఊట పోతుంది. గళ్ళమ్మ బావ ముఖం చూసింది. ఆయన ఎటూ చూడకుండా తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"ఇక్కడెవరూ ఉండరండి," అంది గళ్ళమ్మ. "మొక్కలు చూడటానికి వచ్చి తీగ మీద పడ్డాను. నేనెవరినీ చూడలేదు."

అలా ఆ గడిలో మనుషులు లేరని రెండోసారి కూడా ఆమే చెప్పింది. మొదటిసారి తెలియక, ఈసారి తెలిసి.

నివాసాలు లేని ప్రదేశం, గుర్తుతెలియని గుంపు అని పోలీసులు రాసుకుని, కొండవాళ్ళ చేత వేలిముద్రలు వేయించుకున్నారు. ఆ నకలు డైరెక్టరు గారికి చేరింది. ఆయన గళ్ళమ్మను పిలిచి, మీరు వెతికిన కాగితం వచ్చిందమ్మా గానీ దాంట్లో ఉన్నది తిరగేసి ఉందని, కొండవాళ్ళే మేమక్కడ ఉండమని వేలిముద్రలు వేశాక తాను దేవుడొచ్చినా గేటు పెట్టలేనని అన్నాడు. అంటున్నప్పుడు ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. ఏం లాభం? తెగిన కంచె మళ్ళీ కట్టారు. ఈసారి కాపలావాళ్ళకు తుపాకులు ఇచ్చారు. వచ్చిన మర్నాడే ఊట వైపు తీగ దూరిన మేకను కాల్చి, దాన్ని కంచె మీదే వేలాడదీశారు. కొండ మీద ఒక్కో ఇల్లూ వలసకు రేకులు విప్పుకోవడం మొదలుపెట్టింది. ఈల తల్లిని పాతిన చోటనే ఈలనూ పాతిపెట్టారని, పల్లపు వీధివాళ్ళు గడ్డపారలు పట్టుకుని కొండ మీదికి పోదామంటున్నారని బజార్లో చెప్పుకున్నారు.

ఒక ఉదయం బావ గళ్ళమ్మ ఇంటికి వచ్చాడు. ముఖం కడుక్కుని, కుళాయి కింద దోసిలి పట్టి కడుపునిండా నీళ్ళు తాగాడు. తర్వాత బల్ల మీద కూర్చుని, డైరెక్టరు అడిగింది ఎలాంటి కాగితమో మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పింది. పోలీసులు నేరం రాసుకునే కాగితం కూడా ప్రభుత్వ కాగితమే కదా అని అడిగాడు. గళ్ళమ్మకు అప్పుడు అర్థమైంది. పరుగున పోయి తలుపు మూసి దానికి అడ్డంగా నిలబడింది.

"వద్దు బావా. ఇంకేదైనా చేద్దాం. అక్క నన్ను బతకనివ్వదు."

"మీ అక్కకు చెప్పలేదు. చెబితే నేను గుమ్మం దాటగలనా," అన్నాడు. "చూడు పిల్లా. వాణ్ణి నేను చంపాను. కళ్ళు మూస్తే ఈల మోగుతోంది. నేను దాక్కుంటే ఊరంతా దాక్కోవాలి. మనుషులు దాక్కున్నచోట నీళ్ళెవడిస్తాడు?"

ఆమె కాళ్ళు పట్టుకుంది. ఆయన లేవనెత్తి, పక్కకు జరిపి, తలుపు తీశాడు. నువ్వూ రావాలి, చూసినదానివి నువ్వే అన్నాడు. చిన్నప్పుడు బడికి తీసుకుపోయినట్టు చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు కాగితం ముందు పెట్టుకుని రాసుకుంటూ పోయాడు. ఏం చేశాడో, దేనితో చేశాడో, ఎందుకు చేశాడో బావ ఒక్కొక్కటీ చెప్పాడు. నివాసం దగ్గర పేచీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు కార్డు చూసి డోర్ నంబరు వేయబోతే బావ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. అక్కడున్న కానిస్టేబులు కొట్టాడు. పెదవి చిట్లింది. ఇంకోటి కొట్టాడు. బావ చెయ్యి వదల్లేదు.

"అది మా మరదలి ఇల్లు. నేనుండేది కొండ మీద, ఊట పక్కన. నా పెళ్ళి అక్కడే అయింది. చంపిందీ అక్కడే. అట్లాగే రాయండి," అన్నాడు. "నేను కొడుతుంటే ఊరంతా చూసింది. సాక్షులు కావాలి కదా మీకు. ఒక్కొక్కరి పేరూ చెబుతాను, ముసలాళ్ళు, పసిపిల్లలతో సహా. అందరి నివాసమూ కొండే. రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్ను వెనక్కి పొమ్మన్నాడు. ఈ మనిషి దేనికోసం వచ్చాడో ఆయనకప్పుడు తెలిసింది. ఇంకో కాగితం తీశాడు. ఆ తర్వాత ఇంకోటి. బావ ఇంటి వరసన పేర్లు చెబుతూ పోయాడు, ఏ ఇంట్లో ఎంతమందో, ఎవరికి ఎన్ని పశువులో కూడా. గళ్ళమ్మ జీవితంలో చూసిన లెక్కలన్నిటిలోకీ అదే సరైన లెక్క. చివరికి ఇన్‌స్పెక్టరు కాగితాలను ఆమె వైపు తిప్పాడు. మొదట మీరెవరినీ చూడలేదన్నారు, ఇప్పుడు మాట మారిస్తే అబద్ధం చెప్పినందుకు మీ మీదా కేసు ఉంటుంది, ఉద్యోగం ఉండకపోవచ్చు, తెలుసా అని అడిగాడు. తెలుసంది.

"చూశారా మరి?"

బావ నోటి నెత్తురు భుజానికి తుడుచుకుని, చెప్పు అన్నట్టు తలూపాడు.

"చూశాను," అంది గళ్ళమ్మ. "మా బావే కొట్టాడు. వాళ్ళంతా అక్కడే ఉన్నారు. అక్కడే ఉంటారు."

సంతకం పెట్టింది. బావను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు.

డైరెక్టరు గారు మాట తప్పలేదు. కాగితం ముట్టిన పూటే మనుషులను పంపి కంచె కోయించి గేటు పెట్టించాడు. కొండవాళ్ళు బిందెలు పట్టుకుని పరుగున పోయారు, పశువులను తోలుకుపోయారు. కొంతమంది నీళ్ళలో తలలు పెట్టి తాగారు. అక్క రాలేదు. ఇంటి ముందు రాతి మీద కూర్చుని ఉంది. ఎవరో అప్పటికే చెప్పేసి ఉంటారు.

గళ్ళమ్మ ఎదురుగా పోయి నిలబడింది. అక్క లేచి చెంప పగలగొట్టింది. రెండోసారి కొట్టింది. మూడోసారి చెయ్యెత్తి, కొట్టలేక, చెల్లెలి భుజం పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఏడుపు తగ్గాక, కొండ మీద ఎంతమందిమని రాయించారే అని అడిగింది. గళ్ళమ్మ చెప్పింది. అక్క వేళ్ళ మీద ఇల్లిల్లూ లెక్కపెట్టుకుంది. లెక్క సరిపోయినట్టుంది, తల ఊపింది. తర్వాత తన ఇంటి వైపు చూసింది.

"ఒకటి తీసెయ్," అంది. "ఆయన ఇక్కడ లేడుగా."